అమరాబాదు పీఠభూమి: అచటి నేల, నీరు, మంద, మనుష్యులు

దీపావళి గడచి కార్తికమాసము ప్రవేశింపగానే మన ప్రాంతపు రైతులు కురుమూర్తి జాతరకు బయలుదేరుదురు. దేవుని దర్శనము ఒక పని. పశువుల బేరము మఱియొక పని. కోడెదూడ నోరు తెఱచి పండ్లు చూచి, మూపురము నిమిరి, నాలుగడుగులు నడిపించి, పిమ్మట ధరమాట ఎత్తుదురు. ఆ సంతలో తెల్లని మేనిపై గోధుమవన్నె మచ్చలు గల కోడెలు కొన్ని కనబడును. "ఎక్కడి దూడ అన్నా ఇది?" అని అడిగినచో, అమ్మువాడు "తూర్పుది" అని యొక్కమాటలో చెప్పును. కొనువాడును మఱి యడుగడు. ఆ మాట చాలును. తూర్పు కోడె యెండకు తాళును, రాళ్ల నేలలో గిట్ట చెడక నడచును, కొద్ది మేతతో పని చేయును అని మన తాతలనాటినుండి పేరు.

ఆ తూర్పు ఏది? వనపర్తినుండి నేరుగా తూర్పుగా సుమారు 80 కిలోమీటరుల దూరమున, అచ్చంపేట దాటి, మన్ననూరు కనుమ యెక్కిన పిమ్మట కనబడు నేల యది. దానికే అమరాబాదు పీఠభూమి యని పేరు. నల్లమల కొండలలో కృష్ణానదికి ఉత్తరపు భాగమది. 2016వ సంవత్సరము అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పటినుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరియున్నది. అంతకు పూర్వము మనతోపాటు మహబూబ్‌నగరు జిల్లాలోనిదే. శ్రీశైల యాత్రకు పోవునప్పుడు మనలో పెక్కుమంది దానిమీదుగానే పోవుచున్నారు. కాని బస్సు కిటికీనుండి చూచిన యడవిని "అడవి" యని చెప్పి విడిచిపెట్టుటయే గాని, ఆ నేల యెట్టిది, అచట ఎవరెవరు దేనిమీద బ్రతుకుచున్నారు, దానితో మనకు గల సంబంధమేమి అని విచారించువారు తక్కువ. సంఘసభ్యులు ఈ సంగతి తెలిసికొనుట అవసరమని తలచి యిది వ్రాయబడుచున్నది.

పీఠభూమి యనగా నేమి

చుట్టునున్న నేలకంటె ఎత్తుగా లేచి, పైభాగము ఇంచుమించు చదునుగా నుండు మిట్టకు పీఠభూమి యని పేరు. ప్రపంచమున గొప్ప గొప్ప పీఠభూములు గలవు. హిమాలయముల కావల టిబెట్టు దేశము పండ్రెండు పదునైదు వేల అడుగుల యెత్తున నున్న పీఠభూమి. అచట పెక్కుచోట్ల చెట్టు మొలవదు. ఐరోపాలోని ఆల్ప్సు కొండలపైనను ఎత్తైన పచ్చిక మైదానములు గలవు. వేసవిలో మంచు కరగగానే దిగువ గ్రామములవారు పశువులను పైకి తోలుకొనిపోయి, చలి రాగానే దింపుకొని వచ్చుదురు. మన అమరాబాదున మంచు పడదు. అయినను ఎత్తైన నేలలన్నింటికిని ఒక్కటే స్వభావము గలదు. నేల పలుచన, నీరు నిలువదు, పంటకంటె మేతయు అడవియు ముఖ్యము, మనుష్యుడు ఋతువుననుసరించి పైకి క్రిందికి కదలవలెను. ఈ స్వభావము మన పీఠభూమికిని వర్తించును.

అమరాబాదు మిట్ట రెండు మెట్లుగా నున్నది. ఈశాన్యపు భాగము దిగువ మెట్టు. ఇది సముద్రమట్టమునకు సుమారు 2000 అడుగుల యెత్తున నుండి తూర్పునకు వాలియున్నది. అమరాబాదు, పదర మొదలగు గ్రామములు దీనిమీదనే గలవు. నైరృతి భాగము ఎగువ మెట్టు. ఇది సుమారు 2500 అడుగుల యెత్తు. కొన్నిచోట్ల ఇంకను హెచ్చు. ఫరహాబాదు, వటవర్లపల్లి, అప్పాపూరు మొదలగునవి దీనిమీద నున్నవి. ఫరహాబాదు అనగా ఆనందనిలయమని యర్థము. నిజాము కాలమున వేటకును, వేసవి విడిదికిని ఆ చోటు ప్రసిద్ధి.

ఎగువ మెట్టు చివర నిలిచి దక్షిణముగా చూచినచో కాలిక్రింద కొండ తెగినట్లుగా పడిపోవును. ఆ లోయలో కృష్ణ పాఱుచుండును. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు నీటిమట్టము 885 అడుగులు. అనగా మిట్టమీది మనుష్యునికిని, కంటికి కనబడు నా నీటికిని నడుమ ఇంచుమించు 1600 అడుగుల నిలువు వ్యత్యాసము. నది దగ్గఱనే యున్నది, చేతికి మాత్రము అందదు. ఈ యొక్క సంగతిని బాగుగ గ్రహించినచో ఆ సీమ జీవనమంతయు సులభముగ బోధపడును.

రాయి, నీరు

మన వనపర్తి నేలలో త్రవ్వినచో నల్లరాయి, అనగా గట్టి కణాశ్మము తగులును. అమరాబాదు మిట్ట అడుగునను అట్టి రాయియే గలదు. కాని దానిపై మిక్కిలి ప్రాచీనమైన యిసుక, కాలక్రమమున గట్టిపడి పలుగురాతివంటి శిలయై, పలకలు పలకలుగ పేర్చబడియున్నది. ఆ పలకలలో నెఱ్ఱెలు మెండు. వానకాలమున పడిన నీటిలో కొంత యెఱ్ఱలలో దిగి, క్రిందికి పోయి, అడుగున గట్టిరాయి అడ్డగింపగా ప్రక్కకు ప్రాకి, కొండ తెగిన చోట ఊటగా వెలువడును.

అందుచేతనే మిట్ట నడుమ నీరు దొరకుట కష్టము. మిట్ట అంచులలో మాత్రము వేసవిలోను ఊటలు గలవు. అచ్చంపేట దగ్గఱి ఉమామహేశ్వరమున కొండచఱియ క్రింద నీరు బొట్లుబొట్లుగా రాలుచుండుట మనలో చాలమంది చూచినదే. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని ఆ క్షేత్రమునకు ప్రసిద్ధి. వటవర్లపల్లి సమీపమున మల్లెలతీర్థము, లోతైన లోయలో సలేశ్వరము, ఇవియు నిట్టివే. చైత్ర పూర్ణిమకు, మండుటెండలలో, సలేశ్వరపు జాతరకు జనులు రాళ్లు దిగి పోవుదురు; ఆ రోజులలోను పైనుండి నీరు పడుచునే యుండును. ఆ నీరు గడచిన వానకాలమున మిట్టమీద పడి, రాతిలో దాగి, నెమ్మదిగా దిగి వచ్చినది. దైవము వెలసిన చోటెల్ల నీరు వెలసిన చోటే యని చెప్పినను తప్పు గాదు.

ఇందు రైతు గ్రహింపవలసినది యొకటి గలదు. వాన నీరు రాతిలోనికి దిగవలెనన్నచో అది కొంతసేపు నేలమీద నిలువవలెను. దానిని నిలుపునది రాలిన ఆకు, గడ్డి, చెట్టు వేరు. వేసవిలో నిప్పు పెట్టి ఆకును కాల్చినచో, తొలకరి నీరు మట్టినిగూడ తీసికొని వాగునబడి పోవును. మిట్టకు ఉత్తరమున డిండి నది, దక్షిణమున కృష్ణ. ఈ రెంటిలోనికి మిట్టనుండి దిగు వాగు లెన్నియో గలవు. పైన అడవి పలుచనైన కొలది వాగు వానకాలమున పొంగును, మాఘమాసమునకే యెండును, క్రింది చెఱువులు పూడును. పై నేలను పాడుచేసిన నష్టము క్రింది గ్రామము భరింపవలసివచ్చును.

ఈ రాతిలోని నీటి బలమును ఇటీవల దేశమంతయు చూచినది. శ్రీశైలము జలాశయపు నీటిని నల్లగొండ సీమకు కొనిపోవుటకై ఈ మిట్ట క్రిందుగా సుమారు 44 కిలోమీటరుల సొరంగము త్రవ్వబడుచున్నది. 2025వ సంవత్సరము ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగములో పైకప్పు కూలి, బురదయు నీరును ముంచుకొనిరాగా ఎనమండుగురు పనివారు లోపల చిక్కుకొనిరి. వారిలో నొక్కరును ప్రాణములతో బయటపడలేదు. బ్రతుకుతెరువునకై దూరరాష్ట్రములనుండి వచ్చినవారు వారు. పైనుండి చూచువానికి బండరాతి కొండవలె కనబడు ఆ నేల లోపల ఎంత నీరు నడచుచున్నదో ఈ విషాదము తెలిపినది.

దిగువ మెట్టు రైతు

దిగువ మెట్టుమీది గ్రామములలో సేద్యము మనవంటిదే. జొన్న, ఆముదము పూర్వమునుండి గల పంటలు. ఇప్పుడు వేరుశనగ, పత్తి హెచ్చినవి. చెఱువు క్రింద కొద్దిగా వరి. రైతులు, గొల్లలు, లంబాడాలు, చెంచులు అందఱును గల గ్రామములవి. కాని వర్షము తప్ప ఆధారము లేనందున, పంటమీదనే నిలుచు కుటుంబము ఒక్క యేటి యనావృష్టికి కుప్పకూలును. అందుచే అచటి పెద్దలు సేద్యముతోపాటు మందను పెట్టుకొనిరి. పంట పోయినను మంద మిగులును.

పొడతూర్పు మంద

ఆ మందయే మన సంతలో కనబడు మచ్చల పశువు. దానికి పొడతూర్పు అని పేరు. పొడ యనగా మచ్చ. తూర్పు యనగా మనకు తూర్పుననున్న సీమనుండి వచ్చునది. కర్నాలునందలి జాతీయ పశు జన్యువనరుల సంస్థ దీనిని ప్రత్యేకమైన దేశీయ గోజాతిగా ఇటీవలి కాలమున నమోదు చేసినది. పెంపకపువారు తాము సంఘముగ చేరి, పశువులను లెక్కించి, కొలిచి చూపి, దానికై పాటుపడిరి. ఒంగోలు జాతికి గల కీర్తి దీనికి లేకపోయినను, గుర్తింపు మాత్రము లభించినది.

ఈ మంద యొక్క యేడాది చక్రమును చూడుడు. తొలకరి పడి చేలు విత్తగానే ఊరిలో పశువునకు చోటుండదు. అప్పుడు మంద అడవికి పోవును. కాపరి యింటివారిని విడిచి, గొంగడియు తిండిగింజలును మోసికొని, మందతో అడవిలోనే నిలుచును. కోతలు ముగియగానే మంద ఊరికి దిగి, కోసిన చేలలో మొదళ్లు మేయును. రాత్రి రైతు చేనిలో మంద కట్టుదురు. పేడయు మూత్రమును చేనికి ఎరువు. కాపరికి గింజలో రొక్కమో కూలి. తిరిగి ఎండలు ముదిరి వాగులెండగానే, నీటి యూటలున్న లోతట్టు అడవికి మంద మరలును. నేలకు ఎరువు, పశువునకు మేత, కాపరికి జీవనము మూడును ఒక్క త్రాటిమీద నడచుచున్నవి.

పొడతూర్పు ఆవు పాలకొఱకు గాదు. పాలు చాలవఱకు దూడకే విడిచెదరు. అందుచేతనే కోడెకు ఎముక గట్టిపడును. కోడె ఎదిగిన పిమ్మట పడమటి రైతునకు అమ్ముదురు. కాడి మరపుట, దుక్కి నేర్పుట మన పని. అనగా మిట్టమీది కాపరి పుట్టించును, మైదానపు రైతు తీర్చిదిద్దును. ఒకరు లేక యొకరు లేరు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఎద్దుల గిరాకి తగ్గినమాట నిజము. అయినను చిన్న కమతపు రైతునకు, అంతరసేద్యమునకు, ఆముదపు సాళ్లలో గుంటక తోలుటకు ఎద్దు అవసరము తీరలేదు.

ఎగువ మెట్టు, చెంచుల జీవనము

ఎగువ మెట్టున సేద్యము స్వల్పము. అది చెంచుల సీమ. నల్లమలలో చెంచుల నివాసమునకు పెంట యని పేరు. మనవైపు ఆ మాటకు వేఱు అర్థము గలదు గాని, అచ్చట అది గూడెమునకు గౌరవమైన పేరే. దోమలపెంట, ఈగలపెంట అను వాడుక పేర్లలో ఆ మాట నిలిచియున్నది. చెంచులు మాట్లాడునది తెలుగే. శ్రీశైల మల్లన్నను వారు తమ యింటి అల్లునిగా చెప్పుకొందురు.

క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు 1940లో ఈ మిట్టపై చెంచులతో నివసించి, వారిని గూర్చి 1943లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన సూచనను పురస్కరించుకొని నిజాము ప్రభుత్వము ఆ దశాబ్దముననే ఎగువ మెట్టులో కొంత యడవిని చెంచుల జీవనమునకై ప్రత్యేకించినది. ఆయన గమనించిన విషయములలో మనకు ముఖ్యమైనది యిది: అడవి అంతయు ఎవరికి తోచినట్లు వారు తిరుగునది కాదు. ఒక్కొక్క గుంపునకు తనదని చెప్పదగిన ఎల్ల యుండును. ఆ ఎల్లలోని గడ్డలు, పండ్లు, తేనె ఆ గుంపువారివి. వ్రాసిన పత్రము లేదు, కంచె లేదు. అయినను ఎల్ల యెవరికిని తెలియనిది కాదు.

చెంచు దినచర్య ఋతువుననుసరించును. ఇనుపమొన గల కఱ్ఱతో గడ్డలు త్రవ్వుట ఏడాది పొడుగునను గలదు. ఎండకాలపు ఆరంభమున ఇప్పపువ్వు ఏరుదురు. పిమ్మట మొఱ్ఱిపండ్లు, వాని గింజలనుండి సారపప్పు. చలికాలమున ఉసిరిక, కుంకుడు. తపసిబంక, తిరుమానుబంక, చిల్లగింజలు, ముష్టిగింజలు వర్తకమునకు పోవును. కొండతేనె మాత్రము వేఱు కథ. పెద్ద తేనెటీగ చఱియ అంచున, మనుష్యుడు నిలువజాలని చోట పట్టు పెట్టును. తీగలతో పేనిన త్రాడు మీద ఒకడు లోయలోనికి దిగును. పైన ఇంకొకడు త్రాడు కాచును. ఆ కాచువాడు బావమఱది కావలెనని ఆచారము. తన యక్కచెల్లెండ్ర తాళిబొట్టు ఆ త్రాటిమీద వ్రేలాడుచున్నదని వానికి తెలియును గనుక చేయి సడలింపడు. మన సంఘములో అప్పునకు జామీను వ్రాయువారు ఈ సంగతి తలచుకొనవలెను. జామీను అనునది కాగితముమీది వ్రేలిముద్ర కాదు. త్రాడు పట్టిన చేయి.

తేనె తీయుటలోను మితి గలదు. పట్టు మొత్తము కోసినచో ఈగలు పోవును, మఱుసటి యేడు తేనెయు పోవును. తేనె నిండిన భాగమును మాత్రము కోసి, పిల్లలున్న భాగమును విడిచినచో ఈగలు నిలుచును. పాడియావును కోసికొని తినువాడు లేడు. తేనెపట్టును మాత్రము అట్లు చేయువారు గలరు. ఈ భేదము తెలిసినవాడే మంచి తేనెకాడు.

తపసిబంక నేర్పిన పాఠము

మితి తప్పినచో నేమగునో తెలుపుటకు తపసి చెట్టు చక్కని యుదాహరణము. ఇది తెల్లని నున్నని మానుతో, రాతి నెఱ్ఱెలలోను పెరుగు చెట్టు. ఎండకాలమున ఆకు రాల్చి, మోడుగా, దూరమునకు వెన్నెలవలె మెఱయుచుండును. మానునకు గాటు పెట్టినచో బంక కారి గడ్డకట్టును. ఆ బంక మందులలోను, తినుబండారములలోను, కట్టుడుపండ్లు నిలుపు పొడిలోను వాడబడుచు విదేశములకు గూడ పోవును. అందుచే దానికి మంచి ధర గలదు.

ధర హెచ్చగానే తొందర హెచ్చినది. గొడ్డలితో లోతుగా, చెట్టు చుట్టును గాట్లు పెట్టి, ఒక్క యేటిలోనే బంకయంతయు పిండుకొనుట ప్రారంభమైనది. బెరడు తెగి, చేవకు గాయమై, చెట్టు ఎండిపోయెను. లేత చెట్లనుగూడ విడువలేదు. పెద్ద చెట్లు చచ్చి, విత్తనము లేక, క్రొత్త మొక్కలు తగ్గి, చివరకు చెంచు పూర్వము ఒక్క పూటలో తెచ్చిన బంకకు దినమంతయు తిరుగవలసివచ్చెను. మట్టియు బెరడును కలిసిన నల్లబంకకు ధరయు రాలేదు.

దీనికి మార్గము చూపినది సహకార పద్ధతి. గిరిజనులు తెచ్చు అటవీ ఫలసాయమును న్యాయమైన తూకమునకు, ప్రకటించిన ధరకు కొనుటకును, వారికి ఉప్పు పప్పు మొదలగు సరకులను అందించుటకును 1956లో గిరిజన సహకార సంస్థ స్థాపింపబడెను. అంతకు పూర్వము చెంచు, తెచ్చిన బంకకు బదులుగా షావుకారు ఇచ్చిన దానిని పుచ్చుకొని పోవువాడు. తూకము వానికి తెలియదు, బాకీ ఎన్నడును తీరదు. సంస్థ వచ్చిన పిమ్మట ధర పలకమీద వ్రాయబడెను. కొంతకాలమునకు బంక తీయు పద్ధతినిగూడ నేర్పిరి. చుట్టుకొలత సుమారు మూడడుగులకు మించిన చెట్టునే ఎన్నుకొనవలెను, పైబెరడును మాత్రము చిన్న కత్తితో కొద్దిగా చెక్కవలెను, చేవను తాకరాదు, వానకాలమున చెట్టునకు విశ్రాంతి నీయవలెను, బంకను నేలబడనీక శుభ్రముగా తీసి, తెలుపు నలుపు వేఱుచేయవలెను. ఇట్లు చేసినవానికి బంక తక్కువైనను ధర హెచ్చు, చెట్టును బ్రతుకును.

ఈ కథలో చెట్టును చంపినది గొడ్డలి యని చెప్పుట సులభము. నిజమునకు గొడ్డలి వెనుక బాకీ యున్నది. రేపటికి ఆగలేనివాడు నేడే లోతుగా కొట్టును. సక్రమమైన ధరయు, అవసరమునకు చిన్న అప్పును దొరకిన చోట మనుష్యుడు తప్పక ఆగును. మన పొలములలో లేత వేరుశనగను తొందరపడి పీకి అమ్ముకొను రైతు సంగతియు నిదియే కదా.

పరదేశపు రైతుల కట్టడి

మేతవిషయమున గూడ ఇట్టి కట్టడి సాధ్యమేనా యని కొందఱు సందేహింపవచ్చును. స్విట్జర్లాండు దేశమున, వాలె రాష్ట్రములో, టోర్బెల్ అను కొండగ్రామము గలదు. ఆ గ్రామపు రైతులు 1483లోనే, కొండపైని పచ్చికను, అడవిని ఉమ్మడిగా వాడుకొనుటకై సంఘముగా నేర్పడి పత్రము వ్రాసికొనిరి. 1517లో వారు చేసికొన్న కట్టడి మిక్కిలి సులువైనది: చలికాలమున ఎవడు ఎన్ని ఆవులను తన సొంత మేతతో పోషింపగలడో, వేసవిలో అన్నింటినే ఉమ్మడి పచ్చికకు తోలవలెను. అంతకు మించి తోలినవానికి దండుగ. పచ్చికకు పశువులు ఎక్కునప్పుడే లెక్క చూతురు. కొండపైన చేసిన జున్నును, ఎవరి యావుల లెక్క ప్రకారము వారికి పంచుదురు.

ఈ కట్టడిలోని తెలివిని గమనింపుడు. ధనికుడు బయటినుండి పశువులను కొని తెచ్చి ఉమ్మడి పచ్చికను తినిపింపజాలడు. బీదవానికి తన రెండావుల హక్కు పోదు. పచ్చిక ఓర్చుకొన్నంతయే మంద యుండును. కట్టడి చేసినవారు ప్రభుత్వోద్యోగులు గారు, పచ్చికమీద బ్రతుకువారే. అయిదువందల యేండ్లు గడచినను ఆ కొండ పచ్చిక పాడుకాలేదు. మన మిట్టకు దీనిని అన్వయింపవలెనన్నచో చలికాలమునకు బదులు ఎండకాలమును పెట్టుకొనవలెను. చొప్ప, గడ్డివాము, ఊరి బీడు, వీనితో చైత్ర వైశాఖములలో ఎన్ని పశువులను నిలుపగలరో, ఆ లెక్క పెట్టుకొని అడవిమేతకు మంద కట్టవచ్చును.

నేటి చిక్కు

ఇప్పుడు ఈ నేలమీద హక్కు చెప్పువారు పెక్కురు. 1983లో నాగార్జునసాగర శ్రీశైల పులుల రక్షితప్రాంతము ఏర్పడెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణ భాగము అమరాబాదు పులుల రక్షితప్రాంతమైనది. దాని విస్తీర్ణము 2611 చదరపు కిలోమీటరులు. అందు 2166 చదరపు కిలోమీటరులు లోపలి కీలక ప్రాంతము. మన్ననూరు, దోమలపెంట తనిఖీ గేట్ల నడుమ రాత్రి వాహనములను నిలుపుట ఈ కారణముచేతనే. పులియున్న అడవిలో జింకయుండును, జింకయున్న చోట గడ్డియుండును, గడ్డియున్న చోట నీరు దిగును. కనుక పులి రక్షణ మన నీటికిని రక్షణయే.

అయితే పులి పేరిట మనుష్యుని మాట మఱవరాదు. కీలక ప్రాంతమునుండి వెలుపలికి వచ్చుటకు ఒప్పుకొన్న కుటుంబమునకు 15 లక్షల రూపాయల పరిహారమను నియమము గలదు. అది స్వచ్ఛందముగనే జరుగవలెనని చట్టము. కొందఱు పిల్లల చదువునకు, వైద్యమునకు అది మేలని తలచుచున్నారు. అడవి విడిచిన చెంచునకు గడ్డ త్రవ్వు విద్య తప్ప చేతిలో నేమి యుండునని తక్కినవారి భయము. ఇరువురి మాటయు వినదగినదే. రొక్కము ఖర్చగును, ఎల్ల తెలిసిన అడవి మరల రాదు.

కాపరులకును చిక్కు గలదు. మంద హెచ్చినచో లేత మొక్క తొక్కబడును, పశురోగము అడవి మృగమునకు సోకవచ్చును అని అటవీశాఖవారి మాట. తాతల కాలమునుండి తోలుచున్న దారి మూసినచో మందనే అమ్ముకొనవలెనని కాపరి మాట. ఇదిగాక 2019లో యురేనియము అన్వేషణ మాట లేచినప్పుడు చెంచులు, రైతులు, ఇతరులు ఏకమై యెదిరించిరి. ఆ యేడు సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకము కూడదని తీర్మానించినది. అందఱును కలిసినచో మాట సాగునని దానివలన తెలిసినది.

చట్టములోను ఆధారము గలదు. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ప్రకారము అడవిలో నివసించు గిరిజనులకు చిల్లర అటవీ ఫలసాయమును సేకరించి అమ్ముకొను హక్కు గలదు. మేత హక్కు, ఋతువుననుసరించి మందతో తిరుగు కాపరుల వాడుక హక్కుగూడ అందు పేర్కొనబడినవి. గిరిజనులు కానివారు 2005 డిసెంబరు 13వ తేదీ నాటికి మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, ఆ యడవిమీద జీవించినట్లు నిదర్శనము చూపవలెను. హక్కు విచారణ గ్రామసభతో ప్రారంభమగును. గ్రామసభకు పోనివాని హక్కు కాగితమున చేరదు.

మనము చేయదగినది

మైదానపు రైతులమగు మనకు ఇందు కర్తవ్యమేమి? మొదటిది, కొనుగోలు. సంతలో దళారి నోట విన్న ధరకు ఒక్కొక్క దూడను కొనుటకంటె, పది పదునైదుగురు సభ్యులు కలిసి, ముందుగా కాపరుల సంఘముతో మాట్లాడుకొని, మిట్టకు పోయి కోడెలను ఎంచుకొనుట మేలు. దళారికి పోవు సొమ్ము ఇరుపక్షములకు మిగులును. సంఘము ఎడ్ల కొఱకు అప్పిచ్చునప్పుడు ఈ జాతి కోడెలను మఱవకుండుట మంచిది.

రెండవది, మంద కట్టుట. మిట్ట దిగి వచ్చు మందలను ఊరివారు పిలిచి, చేనికి ఇన్ని రాత్రులని ముందే మాట చేసికొని, గింజయో రొక్కమో ఆలస్యము చేయక ఇచ్చినచో, కాపరికి అడవిలో గడుపవలసిన దినములు తగ్గును. మన చేనికి మూట యెరువు ఖర్చు తగ్గును. అడవికి విశ్రాంతి దొరకును.

మూడవది, నిప్పు. యాత్రకు పోయినప్పుడు వంట చేసిన పొయ్యిని నీటితో ఆర్పక కదలరాదు. కాల్చిన బీడీని విసరరాదు. ఇప్పచెట్టు క్రింద నేల శుభ్రపఱచుటకు నిప్పు పెట్టుటకంటె గుడ్డ పఱచి పువ్వు ఏరుట మేలని అచటివారికి తెలుపుట గూడ మంచిది.

నాలుగవది, తేనె, కుంకుడు, చింతపండు మొదలగు సరకులను గిరిజన సహకార సంస్థ దుకాణమున కొనుట. ధర రెండు రూపాయలు హెచ్చనిపించినను, అందులో చెట్టు బ్రతుకును గలదు, త్రాడుమీద దిగినవాని కష్టమును గలదు.

వచ్చు కార్తికమున కురుమూర్తి జాతరలో మచ్చల కోడెను చూచినప్పుడు సభ్యులు దాని పండ్లతోపాటు ఇంకొక సంగతిని తలచుకొనవలెను. దానికి పాలు విడిచిన కాపరి, దాని మేతకు గడ్డి నిలిపిన అడవి, ఆ అడవి ఎల్ల తెలిసిన చెంచు, వీరందఱు నిలిచినంతకాలమే మన కాడికి ఎద్దుండును. మిట్టను కాపాడుట మిట్టవారి పనియే యని మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. ఈ విషయమును వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చించి, కోడెల ఉమ్మడి కొనుగోలునకు పేర్లు వ్రాయించుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.